4 సెకన్ల లెదర్: బైక్ గ్లోవ్స్ వెనక ఉన్న చరిత్ర

హెల్మెట్ ఎపిసోడ్ తర్వాత మీరు ఎక్కువగా అడిగింది ఒకటే ప్రశ్న. "అన్నా, తక్కువ ధరలో మంచి లెదర్ గ్లోవ్స్ చెప్పు. రోజూ ఆఫీసుకి వేసుకోవాలి, ఎప్పుడైనా చెన్నై వెళ్ళి ట్రాక్ డే చేస్తే అక్కడా పనికి రావాలి."

ఫలానా కంపెనీ, ఫలానా మోడల్ కొనండి అని చెప్పి రెండు నిమిషాల్లో ముగించొచ్చు. కానీ ఆ మోడల్ వచ్చే ఏడాది దొరక్కపోవచ్చు, ధర మారిపోవచ్చు. గ్లోవ్‌ని చదవడం వస్తే మాత్రం ఏ షాపులో ఏ జత చేతికిచ్చినా మీరే తేల్చుకోగలరు. మణికట్టు దగ్గర పట్టీ, అరచేతి మొదట్లో గట్టి బిళ్ళ, లోపల కుట్టిన చిన్న లేబుల్, వీటన్నిటికీ ఒక కథ ఉంది. ఆ కథ తెలిస్తే ఏది పనికొచ్చేదో, ఏది షోకో అర్థమైపోతుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసినా అక్కడి అలవాటు ఒకటి నన్ను వదల్లేదు: కోడ్‌లో ఒక లైన్ ఎందుకుందో తెలియకుండా దాన్ని ముట్టుకోకూడదు. గ్లోవ్స్‌ని కూడా అలాగే చూద్దాం.

మొదట్లో గ్లోవ్ చలి కోసమే

1885లో జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ కలిసి చెక్క ఫ్రేముకి పెట్రోల్ ఇంజన్ బిగించి రైట్‌వాగన్ అనే బండి చేశారు. 1894లో మ్యూనిక్‌లో హిల్డెబ్రాండ్ అండ్ వోల్ఫ్‌ముల్లర్ వాళ్ళు మోటార్‌సైకిల్‌ని అమ్మకానికి తయారు చేయడం మొదలుపెట్టారు. 1907లో ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ రేసు మొదలైంది. ఆ తొలి రోజుల ఫోటోల్లో రైడర్ల చేతులు గమనించండి. ముంజేతి సగం దాకా వచ్చే లెదర్ గ్లోవ్స్ కనిపిస్తాయి. వాటిని గాంట్లెట్ అంటారు. పూర్వం యుద్ధానికి వెళ్ళే యూరప్ వీరుల ఇనప చేతి తొడుగు పేరు అది.

పేరు కవచానిదే, కానీ చేసే పని స్వెటర్‌ది. చలిగాలి కోటు చేతుల్లోంచి లోపలికి దూరకుండా, ఇంజన్ ఆయిలూ దుమ్మూ అంటకుండా ఉండటానికే అవి. కిందపడితే చేయి ఏమవుతుందన్న లెక్కతో చేసినవి కావు.

రేసుల్లో కూడా అంతే. 1950 ప్రాంతంలో బ్రిటిష్ రేసర్ జెఫ్ డ్యూక్, ఫ్రాంక్ బార్కర్ అనే టైలర్ చేత ఒకే ముక్కగా ఒంటికి అతుక్కునే లెదర్ సూట్ కుట్టించుకున్నాడు. ఇవాళ మోటోజీపీలో చూసే సూట్లకి అదే తాత. అది ప్రధానంగా గాలిని చీల్చుకుపోవడానికి కుట్టించిన సూట్. వదులు బట్టలు గాలికి ఉబ్బి స్పీడు తగ్గిస్తున్నాయి మరి.

అదే కాలంలో తల సంగతి చూడండి. 1935 మేలో లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరున్న టి.ఇ. లారెన్స్ బైక్ ప్రమాదంలో తలకి దెబ్బ తగిలి చనిపోయాడు. ఆయన్ని చూసిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు సర్జన్ ఉన్నాడు. ఆయన ఆ విషయాన్ని వదలకుండా సైన్యంలో బైక్ మీద సందేశాలు మోసే రైడర్ల మరణాలు పరిశీలించి, హెల్మెట్ ఎందుకు అవసరమో 1941లో వైద్య పత్రికలో రాశాడు. అంటే తలకి సైన్స్ 1941లోనే దొరికింది. చేతికి దొరకడానికి ఇంకో యాభై ఏళ్ళ పైనే పట్టింది.

తోలు కథలో మన తంగేడు

గ్లోవ్ ధరలో పెద్ద వాటా లెదర్‌ది, కుట్టు కూలీది. అందుకే "తక్కువ ధర" అన్నాక లెదర్ ఎక్కణ్ణుంచి వస్తుందో కూడా చూడాలి. ఇక్కడ కథ మన ఊళ్ళ దాకా వస్తుంది.

పచ్చి తోలు కుళ్ళకుండా లెదర్‌గా మార్చే పనిని ట్యానింగ్ అంటారు. ఒకప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో దానికి వాడిన ముఖ్యమైన సరుకు తంగేడు చెక్క. అవును, బతుకమ్మలో పేర్చే తంగేడే, తెలంగాణ రాష్ట్ర పుష్పం. తంగేడు చెక్క, కరక్కాయ వేసిన లందల్లో తోళ్ళు నానబెట్టి లెదర్ చేయడం తరాలుగా మన పల్లెల్లో మాదిగ కుటుంబాల చేతి విద్య. ఆ విద్యతో చేసిన చెప్పులు, మోట బొక్కెనలు ఊరంతా వాడుకుంది, చేసినవాణ్ణి మాత్రం ఊరి బయటే ఉంచింది. ఇదే పద్ధతిలో సగం తయారైన తోళ్ళు మద్రాసు రేవు నుంచి "ఈస్ట్ ఇండియా" అనే పేరుతో ఇంగ్లండ్‌కి ఎగుమతయ్యేవి.

ఈలోగా అమెరికాలో ఇంకో దారి దొరికింది. 1884లో న్యూయార్క్‌లో ఆగస్టస్ షుల్జ్, 1893లో మార్టిన్ డెనిస్ క్రోమియం లవణాలతో తోలు పదును చేసే పద్ధతులకి పేటెంట్లు తీసుకున్నారు. చెట్టు చెక్కతో చేసిన లెదర్ తడిగా ఉన్నప్పుడు సుమారు 80 డిగ్రీల వేడికే ముడుచుకుపోతుంది. క్రోమ్ లెదర్ 100 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. పైగా పల్చగా, మెత్తగా వస్తుంది, తడిసి ఆరినా అట్టముక్కలా బిగుసుకోదు. క్లచ్ లివర్ మీద వేళ్ళు ఆడాలంటే ఈ మెత్తదనమే కావాలి. ఇవాళ బైక్ గ్లోవ్స్‌లో ఎక్కువ భాగం క్రోమ్ లెదర్ కావడానికి కారణం ఇదే.

మన దేశంలో ఈ రంగానికి సైన్స్ తెచ్చినవాళ్ళలో పెద్ద పేరు యలవర్తి నాయుడమ్మ. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టారు. 1948లో మద్రాసులో ఏర్పడ్డ కేంద్ర తోళ్ళ పరిశోధనా సంస్థకి 1958 నుంచి 1971 దాకా డైరెక్టర్. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా కనిష్క విమానం పేలుడులో చనిపోయారు. ఆయన బైక్ గ్లోవ్స్ తయారు చేశారని నేను చెప్పడం లేదు. పచ్చి తోళ్ళు, సగం తయారైన తోళ్ళు అమ్ముకునే దేశం 1970లలో పూర్తిగా తయారైన లెదర్ వైపు, లెదర్ వస్తువుల వైపు తిరిగింది. ఆ మలుపుకి కావలసిన పరిజ్ఞానం, మనుషులు ఆ సంస్థలో తయారయ్యారు. ఇవాళ కలకత్తా చుట్టుపక్కల లెదర్ గ్లోవ్స్ పరిశ్రమ ఉంది. సరిహద్దు అవతల సియాల్‌కోట్‌లో ప్రపంచానికంతా బైక్ గ్లోవ్స్ కుడతారు. యూరప్ పేరున్న గ్లోవ్స్‌లో చాలా వాటిని కత్తిరించేది, కుట్టేది ఆసియా చేతులే. కాబట్టి పేరు యూరప్‌ది అయినంత మాత్రాన లోపలి లెదర్ వేరే లోకం నుంచి రాలేదని గుర్తుపెట్టుకోండి.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. క్రోమ్ చవగ్గా వచ్చింది గానీ ఊరికే రాలేదు. తమిళనాడులో పాలార్ ఒడ్డున ట్యానరీల కాలుష్యం మీద సుప్రీంకోర్టు 1996లో పెద్ద తీర్పు ఇవ్వాల్సి వచ్చింది. మన జేబులోంచి పోని డబ్బు ఒక్కోసారి ఇంకొకరి బావిలోంచి పోతుంది.

పడ్డప్పుడు చేయి ఏం చేస్తుంది?

ఇప్పుడు అసలు పాయింట్. మనిషి పడేటప్పుడు ఆలోచించడు. చేయి దానంతట అదే ముందుకి వెళ్ళి నేలని ఆపబోతుంది. అప్పుడు చేతికి రెండు రకాల ప్రమాదం ఉంటుంది.

ఒకటి రాపిడి. తారు రోడ్డు గరుకు కాగితం లాంటిది. లెదర్ చిరిగితే ఆ తర్వాత రోడ్డు తినేది చర్మాన్నే.

రెండోది చేయి రోడ్డుకి పట్టేయడం. అరచేతి మొదలు రోడ్డు మీద ఆనుతుంది. అక్కడ లెదర్ రోడ్డుని గట్టిగా పట్టుకుంటే చేయి ఆగిపోతుంది, శరీరం మాత్రం ముందుకి పోతూనే ఉంటుంది. మణికట్టు వెనక్కి విరుచుకుంటుంది. అప్పుడు విరిగే చిన్న ఎముక ఒకటుంది, పేరు స్కాఫాయిడ్. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన ఉంటుంది, సైజు జీడిపప్పంత. దీనికి రక్తం సరఫరా తక్కువ, అదీ వేళ్ళ వైపు నుంచి వెనక్కి వస్తుంది. అందుకే విరిగితే అతుక్కోవడానికి నెలలు పట్టొచ్చు, కొన్నిసార్లు అతుక్కోదు కూడా. మొదటి రోజు ఎక్స్‌రేలో కనపడకుండా తప్పించుకుంటుంది కూడా. "బెణికిందిలే" అని బామ్ రాసుకుని ఊరుకున్నవాళ్ళు కొన్ని నెలల తర్వాత గ్లాసు ఎత్తలేక డాక్టర్ దగ్గరికి వెళ్తారు. బండి మీద నుంచి పడ్డాక బొటనవేలి మొదట్లో నొక్కితే నొప్పి ఉంటే తప్పకుండా ఎముకల డాక్టర్‌కి చూపించండి.

ఈ రెండో ప్రమాదానికి ఉపాయం చాలా చిన్నది. 1981లో ఇంగ్లండ్‌లో మొదలైన నాక్స్ అనే కంపెనీ అరచేతి మొదట్లో నున్నటి గట్టి బిళ్ళలు పెట్టి, దానికి స్కాఫాయిడ్ ప్రొటెక్షన్ సిస్టమ్ అని పేరు పెట్టింది. చేయి రోడ్డుకి పట్టేయకుండా జారాలి, అంతే. క్యారమ్ బోర్డు మీద పౌడర్ చల్లితే స్ట్రైకర్ ఎలా జారుతుందో అలా. ఇప్పుడు చాలా కంపెనీల గ్లోవ్స్‌లో ఈ తరహా పామ్ స్లైడర్ ఉంటుంది.

ఇప్పుడు మార్కెట్లో చవక గ్లోవ్స్ చూడండి. పైన వేళ్ళ కణుపుల మీద కార్బన్ లాగా మెరిసే పెద్ద డిప్ప ఉంటుంది. అరచేతి వైపు తిప్పితే పల్చటి గుడ్డ, పైన రబ్బరు చుక్కలు. రబ్బరు రోడ్డుని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఫోటోలో కనపడే వైపు డబ్బు పెట్టి, నేలకి తగిలే వైపు మిగిల్చుకున్నారన్న మాట.

కేంబ్రిడ్జ్ మెషీన్

1981లో అమెరికాలో హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 బైక్ ప్రమాదాలని ఘటనా స్థలంలోనే పరిశీలించి రిపోర్ట్ ఇచ్చింది. మందమైన బూట్లు, జాకెట్, గ్లోవ్స్ ఒంటి గీతల్నీ కోతల్నీ తగ్గిస్తున్నాయని అందులో ఉంది. సరే, తగ్గిస్తాయి. కానీ ఏ గ్లోవ్ ఎంత తగ్గిస్తుంది? కొలిచే తక్కెడ లేదు.

ఆ తక్కెడ తయారు చేసింది కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో రాడరిక్ వుడ్స్. పడిన రైడర్ల బట్టల్లో ఎక్కడ దెబ్బ ఎక్కువ తగులుతోంది, ఎక్కడ రాపిడి ఎక్కువ ఉంది అని పరిశీలించాడు. శరీరాన్ని జోన్లుగా విడగొట్టాడు. లెదర్ ముక్కని పరిగెత్తే గరుకు బెల్టు మీదకి వదిలే మెషీన్ పెట్టాడు. ఆ బెల్టు సెకనుకి 8 మీటర్లు, అంటే గంటకి దాదాపు 29 కిలోమీటర్లు. ముక్కకి చిల్లు పడటానికి ఎన్ని సెకన్లు పడుతుందో అదే దాని మార్కు.

ఈ పని మీదనే యూరప్ ప్రమాణాలు నిలబడ్డాయి. గ్లోవ్స్ ప్రమాణం ఈ.ఎన్. 13594. మొదటి రూపం 2002లో వచ్చింది. దాని పేరులోనే ఒక మెలిక ఉంది: "వృత్తిగా బండి నడిపేవాళ్ళ కోసం" అని. మామూలు రైడర్ కొనే గ్లోవ్‌ని చాలా కంపెనీలు బట్టల కింద, ఫ్యాషన్ కింద అమ్ముకుంటూ పోయాయి. 2015 రూపంలో ఆ "వృత్తి" మాట పోయింది. 2018 ఏప్రిల్ 21 నుంచి అమల్లోకి వచ్చిన యూరప్ రక్షణ సామగ్రి చట్టంతో ఆ దారి మూసుకుంది. అక్కడ బైక్ గ్లోవ్స్‌ని రక్షణ సామగ్రిగా అమ్మాలంటే పరీక్ష తప్పదు.

లేబుల్ చదవడం ఎలా?

గ్లోవ్ లోపల చేయి పెట్టి లేబుల్ బయటికి లాగండి. బైక్ మీద మనిషి బొమ్మ, ఈ.ఎన్. 13594:2015 అనే నంబర్, దాని కింద లెవెల్ 1 లేదా 2, పక్కన కె.పి. అనే అక్షరాలు ఉంటాయి.

లెవెల్ 1 అంటే అరచేతి లెదర్ ఆ మెషీన్ మీద సగటున కనీసం 4 సెకన్లు నిలబడాలి. లెవెల్ 2 అంటే 8 సెకన్లు. కఫ్ మణికట్టు దాటి లెవెల్ 1లో కనీసం 15 మిల్లీమీటర్లు, లెవెల్ 2లో 50 మిల్లీమీటర్లు ఉండాలి. కె.పి. అంటే వేళ్ళ కణుపుల మీద దెబ్బ పరీక్ష పాసయిందని. ఇవి కాక కుట్ల బలం, చిరుగు, పట్టీ బిగించాక లాగితే గ్లోవ్ ఊడిపోతుందా అన్న పరీక్షలు కూడా ఉన్నాయి. మెషీన్ మీద 4 సెకన్లంటే రోడ్డు మీద సరిగ్గా 4 సెకన్లని కాదు. రెండు గ్లోవ్స్‌ని ఒకే తక్కెడలో తూచడానికి అది పనికొస్తుంది.

రెండు మోసాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, ఈ.ఎన్. 388 అనే నంబర్. అది ఫ్యాక్టరీ పని గ్లోవ్స్ ప్రమాణం, బైక్‌ది కాదు. రెండోది, "సి.ఈ. నకుల్స్" అని రాసి ఉండటం. ఆ డిప్ప ఒక్కటే పాసయిందేమో, గ్లోవ్ మొత్తం కాకపోవచ్చు. సైజు పట్టిక లేకుండా, బైక్ బొమ్మ లేకుండా ఉత్త "సి.ఈ." అని రెండు అక్షరాలుంటే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

రోడ్డుకి ఏది, ట్రాక్‌కి ఏది?

రోజూ సిటీలో తిరగడానికి: మేక తోలు లేదా ఆవు తోలు అరచేయి, పామ్ స్లైడర్, మణికట్టు పట్టీ, లెవెల్ 1 కె.పి. హైదరాబాద్, విజయవాడ ఎండల్లో చిల్లులున్న లెదర్ తీసుకోండి. ఎందుకంటే చెమటకి విసిగి డిక్కీలో పడేసిన లెవెల్ 2 కన్నా చేతికున్న లెవెల్ 1 మేలు.

ట్రాక్‌కి: పూర్తి గాంట్లెట్, రెండు పట్టీలు. ఒకటి మణికట్టుకి, ఇంకోటి సూట్ మీదకి వచ్చే కఫ్‌కి. చాలా రేస్ గ్లోవ్స్‌లో చిటికెన వేలిని, ఉంగరం వేలిని కలుపుతూ చిన్న లెదర్ వంతెన ఉంటుంది. జారేటప్పుడు చిటికెన వేలు విడిగా మెలితిరగకుండా ఆపడానికి అది. ఖరీదైన వాటిలో కంగారూ తోలు వాడతారు. దాని పీచు తోలు ఉపరితలానికి సమాంతరంగా అల్లుకుని ఉంటుంది కాబట్టి పల్చగా ఉన్నా గట్టిగా ఉంటుంది. లివర్ మీద స్పర్శ బాగుంటుంది. సెకన్లో పదో వంతు కోసం పోరాడేవాళ్ళకి అది అవసరం, ఏడాదికి ఒక ట్రాక్ డే చేసేవాళ్ళకి కాదు.

ఒక్క జతే కొనగలిగితే? ముందు మీ ట్రాక్ నిర్వాహకులు ఏం అడుగుతారో కనుక్కోండి. పొడవు కఫ్, పూర్తి లెదర్ అరచేయి, స్లైడర్, లేబుల్ ఉన్న గాంట్లెట్ తీసుకోండి. కార్బన్ డిప్ప లేకపోయినా పర్లేదు, లేబుల్ మీద కె.పి. ఉంటే చాలు. షాపులో మూడు పనులు చేయండి. పిడికిలి బిగించండి, వేలి చివర్లు నొక్కుకోకూడదు. హ్యాండిల్ పట్టుకున్నట్టు పట్టుకోండి, అరచేతిలో ముడతలు పడకూడదు. పట్టీ బిగించి, ఇంకో చేత్తో వేళ్ళ చివర్లు పట్టి గట్టిగా లాగండి. ఊడి వస్తే ఎంత చవకైనా వద్దు, ఎందుకంటే పడ్డప్పుడు కూడా ఊడుతుంది.

ధర నిజం చెప్తుందా?

ఆస్ట్రేలియాలో లిజ్ డి రోమ్ బృందం 2008, 2009లలో ప్రమాదాలకి గురైన 212 మంది రైడర్లని, వాళ్ళ బట్టలని పరిశీలించి 2011లో ఫలితాలు ప్రచురించింది. బైక్ గ్లోవ్స్ వేసుకున్నవాళ్ళు ఆసుపత్రిలో చేరాల్సి రావడం బాగా తక్కువ. అదే పరిశీలనలో ఇంకో అంకె కూడా ఉంది: బైక్ కోసమే చేసిన గ్లోవ్స్‌లో 25.7 శాతం ప్రమాదంలో చిరిగి విఫలమయ్యాయి. నాలుగింట ఒకటి. బైక్ గ్లోవ్ అని పేరు రాసినంత మాత్రాన చాలదన్న మాట.

ఆ తర్వాత 2018లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ప్రభుత్వ సంస్థలు కలిసి మోటోక్యాప్ మొదలుపెట్టాయి. షాపుల్లో మామూలు కస్టమర్ల లాగా గ్లోవ్స్ కొని, ల్యాబ్‌లో చింపి, స్టార్లు ఇస్తారు. ఆ పట్టికలు చూస్తే ఖరీదైన పేర్లు తక్కువ స్టార్లతో, మధ్య రకం ధరవి వాటి పైన కనిపిస్తాయి. కాబట్టి బిల్లు మీది అంకె కన్నా లేబుల్ మీది అంకెని నమ్మండి.

చివరగా ఒక విషయం. ఫ్రాన్స్‌లో 2016 నవంబర్ 20 నుంచి బైక్ మీద గ్లోవ్స్ తప్పనిసరి. మన మోటారు వాహనాల చట్టం సెక్షన్ 129 తల గురించి మాట్లాడుతుంది, చేతుల గురించి కాదు. యూరప్ ప్రమాణం మొదట "వృత్తిగా బండి నడిపేవాళ్ళ కోసం" అన్నది కదా. మన ఊళ్ళో వృత్తిగా బండి నడిపేది ఎవరు? రాత్రి పదకొండింటికి వానలో మీ ఇంటికి బిర్యానీ తెచ్చే అబ్బాయి. అతని చేతులు చూడండి, ఎక్కువసార్లు ఖాళీగానే ఉంటాయి. మణికట్టు విరిగితే మనకి సిక్ లీవ్ ఉంటుంది, అతనికి ఆ రోజు నుంచి సంపాదన ఆగిపోతుంది. మీ ఇంట్లోనో స్నేహితుల్లోనో ఆ పని చేసేవాళ్ళుంటే ఈసారి పుట్టినరోజుకి లేబుల్ ఉన్న ఒక జత కొనివ్వండి.

వచ్చే ఎపిసోడ్‌లో బూట్ల గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా పట్టీ బిగించి నడపండి. ఉంటాను.